మొదటి నుంచి కొత్త మెయిల్-క్యాలెండర్ సాఫ్ట్‌వేర్ రాయాలనుకుంటున్నాం, మీరేమంటారు?

తీరంగాలి | 3 జనవరి, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మేము ముగ్గురం. విశాఖలో కలిసి చదువుకున్నాం, ఉద్యోగాల్లో చేరి రెండేళ్లయింది. మెయిల్, క్యాలెండర్, పరిచయాల పుస్తకం, పనుల జాబితా అన్నీ ఒకే కిటికీలో ఉండే ఓపెన్ సోర్స్ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ ఒకటి రాయాలని అనుకుంటున్నాం. ఇప్పుడున్నవి బరువుగా, పాతకాలం వాసనతో ఉన్నాయని మా అభిప్రాయం. రస్ట్ భాషలో రాస్తాం, తెర కోసం జీటీకే లైబ్రరీ. రెండు వారాంతాలు కూర్చుంటే, మెయిల్ తెచ్చుకునే ఐమ్యాప్ పద్ధతిలో సర్వర్‌కు కలిసి ఇన్‌బాక్స్ జాబితా తెర మీదికి వచ్చేసింది. ఇదే వేగంతో వెళ్తే ఆరు నెలల్లో తొలి విడుదల చేయగలమనిపిస్తోంది.

అడగాలనుకున్నవి రెండు. మెయిళ్లను డిస్కులో దాచడానికి ఎస్‌క్యూలైట్ డేటాబేస్ సరిపోతుందా? ఇలాంటి పని చేసిన అనుభవం ఉన్నవారు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?

సగంచదివినవాడు | 3 జనవరి, రాత్రి 9:20

ఆరు నెలలన్నారు సరే, ఏ సంవత్సరం నుంచి లెక్క?

పాతచెట్టు | 3 జనవరి, రాత్రి 11:48

తీరంగాలి, రెండు వారాంతాల్లో ఇన్‌బాక్స్ చూపించారంటే పని తెలిసినవాళ్లే. అందుకే కాస్త నిష్ఠూరంగా చెబుతున్నాను, ఏమీ అనుకోవద్దు. ఇన్‌బాక్స్ జాబితా పెళ్లిచూపుల వంటిది. సంసారం ఆ తరువాత ఉంది.

నేను 2005 నుంచి నాలుగేళ్లు బెంగళూరులో ఒక మెయిల్ సాఫ్ట్‌వేర్ బృందంలో పనిచేశాను. మాకు వచ్చిన ఫిర్యాదుల్లో బటన్లు అందంగా లేవన్నవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగతావన్నీ ఒకటే ప్రశ్న: నా మెయిల్ ఏదీ?

ఐమ్యాప్‌లో సర్వర్ ప్రతి మెయిల్‌కు ఒక సంఖ్య ఇస్తుంది, దాని పేరు యూఐడీ. ఫోల్డర్ మొత్తానికి ఇంకో సంఖ్య ఉంటుంది, అది యూఐడీవాలిడిటీ. ఈ రెండో సంఖ్య మారనంత కాలం మొదటి సంఖ్యలను నమ్మవచ్చు. మారిందంటే మీరు డిస్కులో దాచుకున్నదంతా పారేసి మళ్లీ తెచ్చుకోవాలి. నిబంధనల పుస్తకంలో ఉన్నది ఇంతే. ఒక కస్టమర్ దగ్గర సర్వర్ డిస్కు పాడైతే వాళ్లు పాత బ్యాకప్ నుంచి నిలబెట్టారు, కానీ యూఐడీవాలిడిటీ మార్చలేదు. దాంతో పోయిన మెయిళ్ల సంఖ్యలే కొత్తగా వచ్చిన మెయిళ్లకు మళ్లీ పడ్డాయి. మరునాడు పొద్దున ఒకాయన మెయిల్ తెరిస్తే పైన శీర్షిక జీతాల పెంపు గురించి, లోపల క్యాంటీన్‌లో ఆ వారం వంటకాలు! తప్పు సర్వర్‌ది, తిట్లు మాకు. ఎక్కడ తేడా వస్తోందో పట్టుకోవడానికి మూడు రోజులు పట్టింది. చివరికి డిస్కులో ఉన్న ప్రతిని చూపించే ముందు, ప్రతి మెయిల్‌తోనే వచ్చే మెసేజ్-ఐడీ సరిపోల్చడం మొదలుపెట్టాం.

ఇలాంటివి వందలు ఉంటాయి. రైల్లో నెట్ లేనప్పుడు ల్యాప్‌టాప్‌లో ఒక మెయిల్‌ను వేరే ఫోల్డర్‌కు జరిపారు. అదే మెయిల్‌ను అంతకు ముందే ఫోన్‌లో తొలగించారు. ఇంటికి వచ్చి నెట్ కలిపితే ఏమవ్వాలి? దీనికి సరైన జవాబు లేదు, ఎవరికీ కోపం రాని జవాబు వెతుక్కోవాలి. మారినవి మాత్రమే తెచ్చుకునే కండ్‌స్టోర్, క్యూరీసింక్ అనే సౌకర్యాలకు 2014లో ఆర్‌ఎఫ్‌సీ 7162 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం వచ్చింది కానీ అన్ని సర్వర్లలోనూ అవి ఉండవు. అవి లేని సర్వర్ కోసం ఇంకో దారి రాయాలి, దాన్నీ పరీక్షించాలి.

ఎస్‌క్యూలైట్ చాలు. అది మీ సమస్య కాదు.

కాలువగట్టు | 4 జనవరి, ఉదయం 7:05

నేను ప్రోగ్రామర్‌ను కాను. తణుకులో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో కంప్యూటర్ల బాగోగులు చూస్తాను, పదకొండు సీట్లు. ఖర్చు తగ్గుతుందని ఓపెన్ సోర్స్‌కు మారాం. మెయిల్ విషయంలో ఇబ్బంది లేదు. మా గొడవంతా క్యాలెండర్‌తో.

జీఎస్‌టీ 3బీ అనే నెలవారీ రిటర్న్ గడువు 20వ తేదీ. మా సీనియర్ ఆయన తన ఫోన్‌లో దాన్ని రోజంతా ఉండే అంశంగా పెట్టి అందరికీ పంపారు. ఆఫీసు కంప్యూటర్లలో అది ఎలా కనిపించిందో తెలుసా? 20వ తేదీ ఉదయం 5:30 నుంచి 21వ తేదీ ఉదయం 5:30 వరకు. కొత్తగా చేరిన అబ్బాయి 21వ తేదీ గడిలో కూడా గీత ఉంది కదా అని ఇంకో రోజు ఉందనుకున్నాడు. ఆలస్య రుసుము కట్టాం. పెద్ద మొత్తమేమీ కాదు, మాట పడ్డాం అంతే.

మీ కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఇది సరిగ్గా చేస్తానంటే మా పదకొండు సీట్లు మీవే.

రైన్_ఒడ్డున | 4 జనవరి, మధ్యాహ్నం 3:31

కాలువగట్టు గారూ, ఆ 5:30 ఎక్కడిదో గుర్తుపట్టారనుకుంటాను. మన సమయం గ్రీన్‌విచ్ కంటే అయిదున్నర గంటలు ముందు. క్యాలెండర్ ఫైళ్లు రాసే ఐక్యాలెండర్ ప్రమాణంలో రోజంతా ఉండే అంశాన్ని గంటలు లేకుండా తేదీగా మాత్రమే రాయాలి, ముగింపు చోట మరుసటి తేదీ వేయాలి. మధ్యలో ఏదో ఒక ప్రోగ్రామ్ దాన్ని "20వ తేదీ అర్ధరాత్రి, గ్రీన్‌విచ్ సమయం" అని మార్చి రాసింది. లండన్‌లో కూర్చుని పరీక్షించేవారికి చలికాలంలో ఈ తప్పు కనిపించనే కనిపించదు.

ఇంకో తమాషా ఉంది. మన సమయ మండలానికి మూడు పేర్లు వాడుకలో ఉన్నాయి: ఏషియా/కోల్‌కతా, పాత ఫైళ్లలో ఏషియా/కలకత్తా, మైక్రోసాఫ్ట్ లోకంలో ఇండియా స్టాండర్డ్ టైమ్. ఈ మూడూ ఒకటేనని ప్రోగ్రామ్‌కు ఒక పట్టిక ఇచ్చి చెప్పాలి. చెప్పకపోతే మీటింగ్ ఎక్కడో తేలుతుంది.

తీరంగాలికి: నేను బాన్‌లో ఉంటాను, కేడీఈ అనే ఓపెన్ సోర్స్ డెస్క్‌టాప్ వాడుకరిని. ఈ ఊళ్లోనే ఉన్న జర్మనీ సమాచార భద్రతా సంస్థ బీఎస్ఐ ఇరవై ఏళ్ల కిందటే కేడీఈ వారి కేమెయిల్‌లో ఎన్‌క్రిప్షన్ కోసం, కోలాబ్ అనే ఆఫీసు మెయిల్-క్యాలెండర్ వ్యవస్థ కోసం డబ్బు పెట్టింది. అలా ఆసరా ఉన్న ప్రాజెక్టుకు కూడా ఏం జరిగిందో చూడండి. మెయిల్, క్యాలెండర్, పరిచయాలు అన్నిటికీ ఒకే నిల్వ ఉండాలని అకొనాడి అనే సేవను విడిగా రాశారు. ఆలోచన చక్కనిది, నేటికీ నాకు నచ్చుతుంది. 2011 జూన్‌లో కొత్త కేమెయిల్ దాని మీదికి మారింది. లోపల మైఎస్‌క్యూఎల్ డేటాబేస్, దాని మీద సేవ, దాని మీద ఒక్కో ఖాతాకు ఒక్కో ప్రక్రియ. పాత మెయిళ్లను కొత్త నిల్వలోకి చేర్చే దగ్గర వాడుకరులు నానా అవస్థలు పడ్డారు, చాలామంది వేరే దారి చూసుకున్నారు. అకొనాడి అంటే ఘానాలో న్యాయం చెప్పే దేవత పేరట. ఆ రోజుల్లో ఆమెకు చాలా మొక్కులే అంది ఉంటాయి.

తీరంగాలి | 4 జనవరి, రాత్రి 10:02

అందరికీ ధన్యవాదాలు, కానీ ఒక మాట అడగనివ్వండి. ప్రతి ఒక్కరూ కష్టం, కష్టం అంటున్నారు. అలాగైతే కొత్తగా ఎవరూ ఏమీ రాయకూడదా? ఇప్పుడున్న మెయిల్-క్యాలెండర్ సాఫ్ట్‌వేర్ ఎవల్యూషన్‌నూ ఎవరో ఒకరు మొదటి నుంచి రాసినవారే కదా?

పాతచెట్టు | 5 జనవరి, ఉదయం 6:40

రాసినవారే. ఎలా రాశారో కూడా చూద్దాం. మిగెల్ డి ఇకాజా, నాట్ ఫ్రీడ్‌మన్ 1999లో ఒక కంపెనీ పెట్టారు. మొదట పేరు హెలిక్స్ కోడ్, తరువాత జిమియన్. జీతాలిచ్చి ప్రోగ్రామర్లను కూర్చోబెట్టి రాయిస్తే ఎవల్యూషన్ 1.0 వచ్చింది 2001 డిసెంబర్‌లో. అప్పుడు కూడా మైక్రోసాఫ్ట్ ఎక్స్చేంజ్ మెయిల్ సర్వర్‌తో మాట్లాడే కనెక్టర్‌ను విడిగా డబ్బుకు అమ్మారు. 2003లో నావెల్ ఆ కంపెనీని కొన్నాక, మరుసటి ఏడాది గానీ దాని సోర్స్ బయటికి రాలేదు. మెయిల్ ఉచితంగా ఇచ్చి కనెక్టర్‌ను ఎందుకు అమ్మారంటారు? ఆఫీసులు డబ్బిచ్చేది మెయిల్‌కు కాదు, మీటింగ్ పిలుపు సరిగ్గా అందడానికి. కాలువగట్టు గారు చెప్పింది అదే.

డబ్బుంటే చాలనుకుంటే చాండ్లర్ అనే సాఫ్ట్‌వేర్ కథ ఉంది. లోటస్ 1-2-3 స్ప్రెడ్‌షీట్ కంపెనీ పెట్టిన మిచ్ కేపర్ సొంత డబ్బు పోసి 2002లో దాన్ని ప్రకటించారు. మెయిల్, క్యాలెండర్, నోట్సు అనే గోడలే ఉండకూడదు, అంతా సమాచారమే అన్నారు. 2008 మొదట్లో ఆయన తప్పుకున్నారు. ఆ ఆగస్టులో 1.0 వచ్చింది. తరువాత దాని ఊసే లేదు.

మీకు ఉత్సాహం చంపాలని కాదు. కొత్త తెర రాయండి, కొత్త నిల్వ రాయకండి. గ్నోమ్ డెస్క్‌టాప్‌లోని గ్నోమ్ క్యాలెండర్, గ్నోమ్ కాంటాక్ట్స్ రెండూ ఎవల్యూషన్ డేటా సర్వర్ అనే నిల్వ సేవ మీదే నడుస్తాయి. ఎవరో ఇరవై ఏళ్లుగా దెబ్బలు తిని రాటుదేలిన కోడ్ అది. సీ భాషలో ఉంది, చూడగానే ముచ్చటేమీ వేయదు. అయినా వాడుకోండి.

రైన్_ఒడ్డున | 5 జనవరి, మధ్యాహ్నం 2:15

నేను పాతచెట్టు గారితో సగమే ఏకీభవిస్తాను. పాత కోడ్ రాటుదేలిందన్నది నిజం, గడ్డకట్టిందన్నదీ నిజమే. మొజిల్లా వారి మెయిల్ సాఫ్ట్‌వేర్ థండర్‌బర్డ్ 1.0 వచ్చింది 2004 డిసెంబర్‌లో. అందులో మోర్క్ అనే ఫైలు పద్ధతి ఉంది, మనిషి చదవలేడు, యంత్రమూ అతికష్టం మీద చదువుతుంది. దాన్ని వదిలించుకోవడానికి ఏళ్లు పట్టింది. 2012లో మొజిల్లా ఇక కొత్త సౌకర్యాలకు మనుషులను పెట్టబోమని చెప్పేసరికి అందరూ దాని పని అయిపోయిందనుకున్నారు. 2020లో విడి కంపెనీగా మారి, వాడుకరుల విరాళాలతోనే నిలబడింది. 2023లో తెర అంతా మార్చింది. ఎక్స్చేంజ్ మెయిల్‌ను నేరుగా తెచ్చుకునే భాగాన్ని రస్ట్‌లో రాసి 2025 నవంబర్‌లో 145వ వెర్షన్‌లో ఇచ్చింది. అంటే పాత ఇంట్లోనే కొత్త గది కట్టారు. తీరంగాలి బృందానికి రస్ట్ వచ్చు కదా, అక్కడ చూడవచ్చు.

అయితే ఇందులోనూ ఒక చిక్కు ఉంది. ఆ భాగం మాట్లాడేది ఎక్స్చేంజ్ వారి ఈడబ్ల్యూఎస్ భాషలో. ఆన్‌లైన్ ఎక్స్చేంజ్‌లో 2026 అక్టోబర్ నుంచి దాన్ని ఆపుతామని మైక్రోసాఫ్ట్ 2023లోనే చెప్పింది. మళ్లీ గ్రాఫ్ అనే ఇంకో భాష నేర్పాలి. ఈ పరుగు ఆగేది కాదు.

మరోవైపు ఇక్కడ ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్ర ప్రభుత్వం 40 వేలకు పైగా మెయిల్ పెట్టెలను ఎక్స్చేంజ్, అవుట్‌లుక్ నుంచి ఓపెన్-ఎక్స్చేంజ్, థండర్‌బర్డ్‌కు మార్చడం 2025 అక్టోబర్‌లో పూర్తి చేసింది. కాబట్టి వాడేవాళ్లు లేరన్న మాట చెల్లదు.

సగంచదివినవాడు | 5 జనవరి, మధ్యాహ్నం 2:22

జీమెయిల్ ఖాతా కలిపే సంగతి ఎవరూ చెప్పలేదేం? పాస్‌వర్డ్ అడిగి లోపలికి వెళ్లే రోజులు పోయాయి. పాస్‌వర్డ్ బదులు వచ్చిన ఓఆథ్ పద్ధతి కోసం గూగుల్ దగ్గర సాఫ్ట్‌వేర్‌ను నమోదు చేసుకోవాలి. వాళ్ల పరిశీలన అయ్యేవరకు వంద మంది వాడుకరులే గరిష్ఠం, అదీ భయపెట్టే హెచ్చరిక తెరతో. ఇచ్చిన రహస్య సంకేతాన్ని ఓపెన్ సోర్స్ కోడ్‌లో ఎక్కడ దాస్తారు? దాచలేరు. డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌లో అది రహస్యమే కాదని ఆర్‌ఎఫ్‌సీ 8252 కూడా ఒప్పుకుంటుంది. అందరూ బహిరంగంగానే పెడతారు. గుమ్మానికి తాళం వేసి చెవి ముగ్గులో పెట్టినట్టు.

అక్షరపిచ్చి | 6 జనవరి, రాత్రి 8:50

ఆలస్యంగా చూశాను. ఇంతమంది మాట్లాడారు కానీ తెలుగు మాట ఒక్కరూ ఎత్తలేదు.

నేను అనువాదాలు చేస్తుంటాను. మెయిల్ సాఫ్ట్‌వేర్ అనువాదం ఒక శిక్ష. ఒకసారి జంక్‌ను, ట్రాష్‌ను రెండింటినీ "చెత్త" అని రాసి పంపాను. ఒకటి అవతలివాడు పంపిన చెత్త, ఇంకొకటి మనం పారేసిన చెత్త. వాడుకరికి ఏం తెలుస్తుంది? ఒకాయన ముఖ్యమైన మెయిల్ కోసం రెండు చెత్తలూ తిరగేశానని రాశారు. ఇంకా "ఫలానా వారికి పంపుతోంది" అనే చోట పేరు పెట్టే ఖాళీ ఇస్తారు. రవి అయితే "రవికి", రాము అయితే "రాముకు". ప్రోగ్రామ్‌కు అది తెలియదు. అందుకే "గ్రహీత:" అని పెట్టి, పక్కన పేరు రానిచ్చి తప్పించుకుంటాం.

అసలు సంగతి ఇది కాదు. నిన్న నాకు ఒక మెయిల్ వచ్చింది, శీర్షిక "సంక్రాంతి సెలవుల జాబితా". నా దగ్గర "సంక్రాంతి సెల" వరకు బాగానే కనిపించింది. తరువాత నల్ల వజ్రాలలో ప్రశ్నార్థకాలు, ఆ తరువాత మళ్లీ మామూలు తెలుగు. సరిగ్గా అక్కడే ఎందుకు తెగింది? కాగితం తీసుకుని లెక్కవేశాను.

మెయిల్ శీర్షికల్లో ఆంగ్లం కాని అక్షరాలను ఆర్‌ఎఫ్‌సీ 2047 ప్రకారం ముక్కలుగా కట్టి పంపాలి. ఒక వరుస 76 అక్షరాలు దాటకూడదు. "సబ్జెక్ట్" అన్న మాటకు ఆంగ్లంలో ఏడు అక్షరాలు, ఒక కోలన్, ఒక ఖాళీ కలిపి 9 పోయాయి. అక్షర పద్ధతి యూటీఎఫ్-8 అని, బైట్లను ఆంగ్ల అక్షరాలుగా రాసే పద్ధతి బేస్64 అని చెప్పే రేపర్‌కు 12 పోయాయి. మిగిలినవి 55. బేస్64 మూడు బైట్లను నాలుగు అక్షరాలుగా రాస్తుంది కాబట్టి 52 వాడుకోవచ్చు. అంటే 39 బైట్లు. తెలుగులో ప్రతి కోడ్ గుర్తుకూ మూడు బైట్లు. "సంక్రాంతి"లో స, సున్న, క, పొల్లు, ర, దీర్ఘం, సున్న, త, గుడి కలిపి తొమ్మిది గుర్తులు, 27 బైట్లు. ఖాళీకి ఒకటి, 28. "సెల" అంటే స, ఎత్వం, ల, ఇంకో 9 బైట్లు, 37. మిగిలినవి రెండే బైట్లు. "వు"లో మొదటి గుర్తు "వ"కు మూడు కావాలి. పంపిన ప్రోగ్రామ్ ఏమీ చూడకుండా 39 దగ్గర కత్తి వేసింది. "వ"లో రెండు వంతులు మొదటి ముక్కలో, ఒక వంతు రెండో ముక్కలో పడ్డాయి.

అలా నరకకూడదని ప్రమాణం స్పష్టంగా చెబుతోంది. కాబట్టి తప్పు పంపినవాడిదే. కానీ నా ప్రోగ్రామ్ రెండు ముక్కలను విడివిడిగా తెలుగులోకి మార్చింది. ముందు బైట్లన్నీ కలిపి, ఆ తరువాత మార్చి ఉంటే "వ" బతికేది.

ఆంగ్లంలో ఒక అక్షరానికి ఒక బైటు. అక్కడ ఇలా తెగే ప్రసక్తే లేదు. రాసేవాళ్లకు కనిపించకపోవడంలో వింతేముంది?

పాతచెట్టు | 6 జనవరి, రాత్రి 9:35

అద్భుతం అమ్మా. మేము చైనీస్ మెయిళ్లతో ఇదే చూశాం, యూటీఎఫ్-8లో అక్కడా అక్షరానికి మూడు బైట్లే. పక్కపక్కనే ఉన్న ముక్కలు ఒకే అక్షర పద్ధతిలో ఉంటే ముందు కలపడమే మందు. ఈ ఉపాయం కొన్ని పాత లైబ్రరీల్లో ఉంది, కొన్నిటిలో లేదు. రెండు ముక్కల మధ్య ఖాళీని వదిలేయాలన్న నియమం కూడా ఉంది. అది మరిచిపోతే అక్షరం బతికినా, పొల్లుకూ దాని తరువాతి హల్లుకూ మధ్య ఖాళీ వచ్చి ఒత్తు విడిపోతుంది.

అక్షరపిచ్చి | 6 జనవరి, రాత్రి 9:51

వెతుకులాట గురించి కూడా రాయాలి. "సాఫ్ట్‌వేర్" అని వెతికితే సగం మెయిళ్లే వస్తాయి. కొందరు ట్‌కూ వేకూ మధ్య కనిపించని విడదీసే గుర్తు పెడతారు, కొందరు పెట్టరు. చదివేవారికి ఒకటే మాట, ప్రోగ్రామ్‌కు రెండు వేర్వేరు మాటలు. వెతికే ముందు రెండు వైపులా ఆ గుర్తు తీసేస్తే సరిపోతుంది.

ఉగాదిని ఏటా వచ్చేలా పెట్టడం గురించి అడగకండి. 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. తిథిని చెప్పే పునరావృత నియమం ఐక్యాలెండర్‌లో లేదు. ఇతర పంచాంగాల కోసం 2015లో ఆర్‌ఎఫ్‌సీ 7529 వచ్చింది కానీ మన చాంద్రమానం దాకా రాలేదు. ఏడాదికోసారి తేదీ చేత్తో వేసుకోవడమే.

తీరంగాలి | 7 జనవరి, రాత్రి 12:30

అక్కా, మీ శీర్షికను మా రెండు వారాంతాల ప్రోగ్రామ్‌లో పెట్టి చూశాం. మా దగ్గరా అదే వజ్రాలు, అదే చోట.

ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. మావాడొకడికి ఇంకా కోపంగానే ఉంది, కొత్తదే రాయాలంటాడు. వాడు అలిగితే నేనేం చేయను. నాకైతే ఇది బాగు చేయాలనిపిస్తోంది. మాది ఎవరూ వాడటం లేదు కాబట్టి మా దాంట్లో కాదు, జనం వాడేదాంట్లో.

కాలువగట్టు | 7 జనవరి, ఉదయం 7:10

సంక్రాంతి సెలవుల గురించి మాట్లాడుతూ నా 20వ తేదీని మరిచిపోయారు.

తీరంగాలి | 2 ఫిబ్రవరి, రాత్రి 10:44

చాలా రోజుల తరువాత రాస్తున్నాను. ఏ ప్రాజెక్టో ఇప్పుడే చెప్పను, మేము పంపిన ప్యాచ్, అంటే కోడ్ సవరణ, ఇంకా పరిశీలనలో ఉంది.

ముక్కలను విప్పే కోడ్ దొరకడానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. మార్చింది ఇరవై ఆరు వరుసలు. పరీక్షలు రాయడానికి ఇంకో వారం. మొదటి సమీక్షలో తిరిగొచ్చింది. రెండు ముక్కలు వేర్వేరు అక్షర పద్ధతుల్లో ఉంటే మేము వాటినీ కలిపేస్తున్నామట. సిగ్గేసింది, పాతచెట్టు గారు ఇక్కడ స్పష్టంగానే రాశారు. సరిచేసి పంపాం. రెండోసారి సమీక్షకుడు ఒకే ప్రశ్న అడిగాడు: పరీక్షలో ఉన్న ఆ వాక్యానికి అర్థమేమిటి, సరిగ్గా అదే ఎందుకు? అక్క వేసిన లెక్క మొత్తం ఆంగ్లంలోకి మార్చి వ్యాఖ్యగా పెట్టాను. వ్యాఖ్య ప్యాచ్ కంటే పొడుగైంది.

అలిగినవాడు తిరిగొచ్చాడు. వెతుకులాటలో కనిపించని గుర్తు పని వాడిదే.

అక్షరపిచ్చి | 2 ఫిబ్రవరి, రాత్రి 10:58

ఆ పరీక్షలో "సంక్రాంతి సెలవుల జాబితా" అలాగే ఉందా? మార్చమనలేదా?

తీరంగాలి | 2 ఫిబ్రవరి, రాత్రి 11:01

అలాగే ఉంది అక్కా. మధ్యలో ఆ ఒక్క ఖాళీ లేకపోతే 39 దగ్గర అక్షరం తెగదు కదా.

కాలువగట్టు గారూ, మీ సీనియర్ పంపిన ఆ క్యాలెండర్ ఫైలు అసలు ప్రతి ఉంటే పంపండి. లోపల క్లయింట్ల పేర్లుంటే తీసేసి పంపండి, తేదీల వరుసలు మాత్రం ముట్టుకోవద్దు.

కాలువగట్టు | 3 ఫిబ్రవరి, ఉదయం 7:02

పంపాను. ఈ నెల 20 లోపు అయితే సంతోషం.